పరగడుపు గారికి ఒక బహిరంగ లేఖ

గౌరవనీయులైన పరగడుపు గారికి,

నమస్కరించి వ్రాయునదేమనగా, ఇక్కడ మేము క్షేమం. తమరు క్షేమంగా లేరని తెలిసే ఈ ఉత్తరం వ్రాస్తున్నాను. తెల్లవారుజామున ఐదున్నర గంటలకు మా వంటగదిలో తమ దర్శనం కోసం నిలబడే వరుసను ఒక్కసారి చిత్తగించండి. రాగి చెంబులో నీళ్ళు, నానిన మెంతులు, జీలకర్ర కషాయం, తేనె కలిపిన నిమ్మరసం, తొక్క తీసిన ఐదు బాదం గింజలు, ఒక వెల్లుల్లి రెబ్బ, అందరికంటే చివర గాజు గ్లాసులో రాత్రంతా నానిన ఖర్జూరాలు. వీటిలో ప్రతి ఒక్కదానినీ "పరగడుపునే" పుచ్చుకోవాలని మా కుటుంబ వాట్సాప్ గ్రూపు ఏనాడో తీర్మానించింది. చెంబులోని మొదటి గుక్క గొంతు దిగగానే తమ పదవీకాలం ముగిసిపోతుందనీ, కాబట్టి వెనుక నిలబడిన ఆరుగురికీ తమ దర్శనం దొరికే ప్రసక్తే లేదనీ ఆ తీర్మానం బలపరిచిన మా పెద్దమ్మకు గానీ, దానికి రెండు చేతులూ జోడించిన బొమ్మ పంపిన మా బావగారికి గానీ తట్టలేదు.

మెంతుల మొర మెంతులే చెప్పుకుంటాయి. నేను ఖర్జూరం తరఫున అర్జీ పెట్టుకుంటున్నాను, ఎందుకంటే ఈ వరుసలో అందరికంటే ఎక్కువ అపవాదు, అందరికంటే ఎక్కువ పొగడ్త మోస్తున్నది అదే. ఉదయం తింటే రక్తం, వ్యాయామానికి ముందు తింటే బలం, మధ్యాహ్నం తింటే జీర్ణం, పాలలో వేసుకుని రాత్రి తింటే నిద్ర అని దానికి నాలుగు పూటలా నాలుగు ఉద్యోగాలు అప్పగించారు. ఒక్క పండు నాలుగు షిఫ్టులు చేస్తున్నా జీతం మాత్రం తమ ఖాతాలో పడుతోంది: మంచి జరిగితే పరగడుపు మహిమ, జరగకపోతే ఖర్జూరం నాసిరకం.

నా సొంత కథ ఒకటి విన్నవించుకుంటాను. రెండేళ్ళ క్రితం మా ఆవిడకు హిమోగ్లోబిన్ తక్కువగా ఉందనీ, నాకు మధుమేహం గుమ్మం దాకా వచ్చి నిలబడిందనీ ఒకే వారంలో తేలింది. గ్రూపులో అరగంటలో వైద్యం ఖరారయింది. ఆమెకు రక్తం కోసం, నాకు చక్కెరకు బదులుగా, ఇద్దరికీ పరగడుపున ఖర్జూరం. నేను కాఫీలో చక్కెర మానేశాను, మిఠాయి మానేశాను, ఆ త్యాగానికి పరిహారంగా రోజుకు ఏడేసి మెజూల్ అనే పెద్ద రకం ఖర్జూరాలు తిన్నాను, ఎందుకంటే "అది సహజమైన తీపి, ఏమీ చేయదు" అని పసుపు రంగు అక్షరాలలో, వెనుక సూర్యోదయం బొమ్మతో, నాకు లిఖితపూర్వకంగా అందింది. మూడు నెలల తరువాత రిపోర్టు చూసిన డాక్టరు గారు, తీపి మానేశానని నేను గర్వంగా చెప్పుకుంటుంటే, ఇంకేమైనా తింటున్నారా అని అడిగారు. ఖర్జూరం తింటున్నాను సార్, కానీ పరగడుపునే, అన్నాను. ఆయన కళ్ళజోడు తీసి బల్ల మీద పెట్టారు. "ఎప్పుడు తింటున్నారని కాదండీ, ఎన్ని తింటున్నారని అడుగుతున్నాను" అన్నారు.

ఆ మాట విన్న తరువాతనే నేను మొదటిసారి లెక్క వేశాను. అమెరికా వ్యవసాయ శాఖ ఆహార పట్టిక ప్రకారం గింజ తీసిన ఒక మెజూల్ ఖర్జూరం సుమారు 24 గ్రాములు తూగుతుంది, అందులో 16 గ్రాములు చక్కెరే, అంటే ఇంచుమించు నాలుగు చిన్న చెంచాలు. రోజుకు ఏడు పండ్లంటే ఇరవై ఎనిమిది చెంచాలు. కాఫీలో ఒకటిన్నర చెంచా మానేసి మహాత్యాగం చేశానని నాలుగు ఊళ్ళలో చెప్పుకున్నవాడిని, పొద్దున్నే తమ సమక్షంలో ఇరవై ఎనిమిది చెంచాలు మింగుతున్నాను. తమరు ఆ మూడు నెలలూ ఒక్కనాడైనా నోరు విప్పలేదు.

ఖర్జూరాన్ని నిందించడం నా ఉద్దేశం కాదు. యునైటెడ్ అరబ్ ఎమిరేట్స్‌లో ఐదు రకాల ఖర్జూరాలను ఆరోగ్యవంతుల చేతా, మధుమేహం ఉన్నవారి చేతా తినిపించి 2011లో ప్రచురించిన ఒక అధ్యయనంలో వాటి గ్లైసీమిక్ సూచిక, అంటే తిన్నది రక్తంలో చక్కెరను ఎంత వేగంగా పెంచుతుందో చెప్పే కొలత, ఆరోగ్యవంతులలో దాదాపు 46 నుంచి 55 మధ్య తేలింది, మధుమేహం ఉన్నవారిలోనూ ఆ దరిదాపుల్లోనే ఉంది. అంటే అంత తీపి పండు అయినప్పటికీ రక్తంలోకి చక్కెరను ఒక్కసారిగా కుమ్మరించే రకం కాదు. కొద్దిగా తినేవారికి ఇది నిజంగా శుభవార్తే. అయితే ఈ శుభవార్త మా గ్రూపుకు చేరేసరికి "షుగరు ఉన్నవారు ఎన్నయినా తినవచ్చు" అన్న రూపం దాల్చింది. నెమ్మదిగా వచ్చే చుట్టాలైనా ఇరవై ఎనిమిది మంది వస్తే ఇంట్లో బియ్యం నిండుకోక తప్పదన్న ఇంగితం ఆ మార్గమధ్యంలో ఎక్కడో జారిపోయింది.

ఇక రక్తం సంగతి. భారత వైద్య పరిశోధన మండలి (ఐసీఎంఆర్), మన హైదరాబాదు తార్నాకలోనే ఉన్న జాతీయ పోషకాహార సంస్థ కలిసి 2020లో ఇచ్చిన సిఫార్సు ప్రకారం ప్రసవ వయసులోని స్త్రీకి రోజుకు 29 మిల్లీగ్రాముల ఇనుము అవసరం. అమెరికా పట్టికలో 100 గ్రాముల ఖర్జూరంలో ఉన్న ఇనుము ఒక మిల్లీగ్రాము దగ్గర ఆగిపోతుంది. కేవలం తమనూ ఖర్జూరాన్నీ నమ్ముకుని ఆ 29 మిల్లీగ్రాములు సంపాదించాలంటే మా ఆవిడ ప్రతిరోజూ తెల్లవారుజామున సుమారు మూడు కిలోల పండ్లతో, ఎనిమిది వేల కేలరీలతో తమ ముందు హాజరు కావలసి ఉంటుంది. ఎండు ఖర్జూరం విషయంలో మన దేశపు పట్టికలు ఇంతకంటే ఉదారంగా ఉన్న మాట వాస్తవమే కానీ, ఆ ఔదార్యాన్ని పూర్తిగా లెక్కలోకి తీసుకున్నా పొద్దున తినే నాలుగు కాయలు ఆ అవసరంలో పదో వంతు దగ్గరే ఆగిపోతాయి. పైగా మొక్కల నుంచి వచ్చే ఇనుము ఒంటికి బాగా పట్టాలంటే విటమిన్ సి తోడు కావాలి, అది ఖర్జూరంలో దాదాపు లేదు. మేమేమో ఖర్జూరం నమిలిన ఐదో నిమిషంలో, ఆ కాస్త ఇనుమును కూడా అడ్డగించే చిక్కటి టీ తాగేవాళ్ళం. చివరికి ఆమె హిమోగ్లోబిన్‌ను పైకి తెచ్చినవి డాక్టరు గారు వ్రాసిన మాత్రలు. గ్రూపులో మాత్రం నేటికీ ఆ ఘనత ఖర్జూరానిదే, పర్యవేక్షణ తమరిది.

దాని అసలు సుగుణాలకు ఎవరూ పెద్దగా పొంగిపోరు. వంద గ్రాములకు ఏడెనిమిది గ్రాముల పీచు, అరటిపండు కంటే ఎక్కువ పొటాషియం, కొంత మెగ్నీషియం ఉన్నాయి. ఇంగ్లండులోని రీడింగ్ విశ్వవిద్యాలయం వారు ఇరవై రెండు మంది ఆరోగ్యవంతులకు రోజుకు 50 గ్రాముల చొప్పున మూడు వారాలు ఖర్జూరాలు పెట్టి చూస్తే విరేచనం మెరుగుపడింది. మలబద్ధకానికి మంచిదన్న మా నాయనమ్మ మాటకు ఆ విధంగా ఇంగ్లండు ముద్ర కూడా పడింది. కానీ విరేచనం గురించి సూర్యోదయం బొమ్మ వేసి ఎవరు పంపుతారు చెప్పండి? అదే పొటాషియం మూత్రపిండాల జబ్బు ఉన్నవారికి చేటు చేయవచ్చన్న ముక్కను అయితే నేను ఒక్క సందేశంలోనూ చూడలేదు. మా చిన్నాన్నకు ఆ జబ్బు ఉంది. ఆయనకూ రోజూ ఉదయం ఖర్జూరం సందేశాలు వస్తూనే ఉన్నాయి.

గర్భిణుల మీద కూడా తమ పాలన సాగుతోంది. జోర్డాన్‌లో 2011లో ప్రచురితమైన ఒక పరిశీలనలో, కాన్పు తేదీకి ముందు నాలుగు వారాల పాటు రోజుకు ఆరు ఖర్జూరాలు తిన్న 69 మందికి, తినని 45 మందితో పోలిస్తే నొప్పులు వాటంతట అవే రావడం ఎక్కువగా కనిపించింది. ఆసక్తి కలిగించే విషయమే కానీ, ఎవరు తినాలో ఎవరు తినకూడదో చీటీలు వేసి నిర్ణయించిన ప్రయోగం కాదది. "చివరి నాలుగు వారాలు" అన్నది మా దాకా వచ్చేసరికి "మూడో నెల నుంచి, పరగడుపున" అయింది. వేవిళ్ళతో నీళ్ళు కూడా ఇమడని మా మేనకోడలిని పొద్దున్నే ఆరు ఖర్జూరాలతో కూర్చోబెట్టారు. తరువాత ఏమి జరిగిందో తమకే బాగా తెలుసు, అక్కడ ఉన్నది తమరే కదా.

నిజం చెప్పాలంటే, తమరు తెల్లవారుజామున మాత్రమే ఉంటారని నేను చాలాకాలం అనుకున్నాను. తమరి అసలు నివాసం నాకు రంజాన్ నెలలో తెలిసింది. మా పై అంతస్తులో ఒక ఉపాధ్యాయుడి కుటుంబం ఉంటుంది. ఒక సాయంత్రం ఏదో పని మీద వెళ్ళి, వేళ చూసుకోనందుకు సిగ్గుపడి వెనుదిరగబోతుంటే, "కూర్చోండి సార్, రెండు నిమిషాలే" అని ఆయన ఆపారు. దస్తర్‌ఖాన్ మీద ఒక పళ్ళెం, అందులో గింజ వెంట చీల్చి చూసి పేర్చిన ఖర్జూరాలు, పక్కన నీళ్ళ గ్లాసులు. సహరీ, అంటే తెల్లవారకముందు తినే భోజనం, ముగించి అప్పటికి పదమూడు గంటలు దాటింది, ఆయన పెదవులు పొడిబారి ఉన్నాయి. అజాన్ వినిపించగానే ఆయన ఒక ఖర్జూరం తీసుకున్నారు, తొందరపడకుండా నమిలారు, గింజను పళ్ళెం అంచున పెట్టారు, తరువాత నీళ్ళు తాగారు. మరో రెండు తిని మొత్తం మూడు చేసి నమాజుకు లేచారు. పండిన తాజా ఖర్జూరం, అది లేకపోతే ఎండినది, అదీ లేకపోతే గుక్కెడు నీళ్ళు అన్నది ప్రవక్త నాటి సంప్రదాయమని తరువాత ఆయనే చెప్పారు.

అదండీ పరగడుపంటే. పగలంతా ఖాళీగా ఉన్న ఒంటికి ఆ గ్లూకోజు, ఫ్రక్టోజు అందుతాయి, నీళ్ళు కూడా వెంటే అందుతాయి, మూడు పండ్ల తరువాత ప్రార్థన ఉంటుంది గనుక చెయ్యి పళ్ళెం దగ్గరే ఉండిపోయే వీలుండదు. రాత్రి పదిన్నరకు పెరుగన్నం, పదకొండుకు మిగిలిపోయిన మైసూర్‌పాకు తిని పడుకుని, ఐదున్నరకు లేచి "పరగడుపున ఉన్నాను" అని చెప్పుకునే నాబోటివాడిని చూసి తమరు ఎంత నవ్వుకుని ఉంటారో!

మా హిందువుల ఇళ్ళలోనూ ఖర్జూరానికి ఒక గౌరవప్రదమైన కొలువు ఉంది, అయితే అక్కడ దానిని ఎవరూ తినరు. సత్యనారాయణ వ్రతం చీటీలో వక్కలు, పసుపు కొమ్ముల పక్కనే ఎండు ఖర్జూరాలు ఉంటాయి. నేల మీద పడితే ఠంగుమని మోగే ఆ కాయలలో కొన్ని మూడు నాలుగు వ్రతాలు చూసినవే అయి ఉంటాయని నా అనుమానం. 2019 ఫిబ్రవరిలో పాకిస్తాన్ సరుకు మీద మన దేశం 200 శాతం సుంకం వేసినప్పుడు, ఆ కాయలు అంతవరకు ఎక్కువగా అక్కడి నుంచే వచ్చేవన్న సంగతి వ్రతానికి సామాను కొనబోయి కొట్టువాడి నోట విన్నాను. అన్నట్టు, వీటిని మాత్రం నానబెట్టడంలో అర్థం ఉంది, లేకపోతే పన్ను ఊడుతుంది. వేలితో నొక్కితే దిగబడే కిమియా ఖర్జూరాన్ని సైతం రాత్రంతా నానబెట్టి పొద్దున్నే ముద్దను చెంచాతో తీసి తినడం మా ఇంటి ప్రత్యేకత. నానితే మెత్తబడుతుంది, అంతే. నీళ్ళలో లేని పోషకాలు రాత్రికి రాత్రి పండులోకి ఎక్కడి నుంచి వస్తాయి?

ఈ సందర్భంలో ఖర్జూరం పేద చుట్టం ఈతపండును కూడా తమ దృష్టికి తెస్తున్నాను. అదే వంశం, మన చెరువు గట్ల మీదే ఉంటుంది, ఎండాకాలం చివర గంపల్లో దిగుతుంది. గింజ ఎక్కువ, గుజ్జు తక్కువ అన్న మాట నిజమే. అయినా దానిని ఏ వేళ తినాలని నేటి వరకు ఎవరూ అడగలేదు. చెట్టు కింద దొరికినప్పుడు తిన్నాం, చొక్కాకు మరకలు చేసుకున్నాం, ఇంటికి వచ్చి తన్నులు తిన్నాం. అరబ్బు దేశాల నుంచి పెట్టెలో ప్రయాణం చేసి వచ్చిన దానికే ముహూర్తం కావలసి వచ్చింది.

కనుక తమకు నా మనవి ఏమనగా, ఖర్జూరాన్ని తమ కొలువు నుంచి దయచేసి విడుదల చేయండి. డాక్టరు గారు నాకు చిన్న రకం రెండు పండ్లకు అనుమతి ఇచ్చారు, అవీ నాలుగు పల్లీలతోనో బాదంతోనో కలిపి, మరో తీపికి బదులుగా. వేళ నా ఇష్టానికే వదిలేశారు. నేను సాయంత్రం నాలుగున్నరను ఎంచుకున్నాను, ఎందుకంటే ఆ వేళకే నా చెయ్యి బిస్కెట్ల డబ్బా మీదికి పోతుంది. రెండింటినీ చీల్చి, లోపల నల్లటి పొడి గానీ పురుగు గానీ లేదని చూసుకుని తింటాను, జిగురు పళ్ళకు పట్టుకుంటుంది గనుక పుక్కిలిస్తాను. ఉదయం తమ వద్దకు ఇకపై ఇడ్లీతోనే వస్తాను.

చిత్తగించవలెను.

ఇట్లు,
తమ పాత భక్తుడు

తా.క.: ఈ ఉత్తరం పూర్తి చేసి వంటగదిలోకి వెళితే పొయ్యి మీద పాలు కాగుతున్నాయి, అందులో ఎనిమిది ఖర్జూరాలు ఉడుకుతున్నాయి. పరగడుపున తినడం తప్పనీ, పడుకునే ముందు తినాలనీ ఇప్పుడే కొత్త సందేశం వచ్చిందట. దీని నకలు ఒకటి నిద్రకుముందు గారికి పంపే ఏర్పాటు చేయగలరు. వారి చిరునామా నా దగ్గర లేదు, కానీ మా పెద్దమ్మ దగ్గర తప్పకుండా ఉంటుంది.