కేసులు ఎందుకు తగ్గాయి?

2020 సెప్టెంబరు మధ్యలో దేశంలో కరోనా కేసులు రోజుకు 98 వేల దాకా వెళ్లాయి. 2021 ఫిబ్రవరి మొదటికి పది వేల దరిదాపులకు వచ్చాయి. ఇక మహమ్మారి పని అయిపోయిందనుకున్నారు. ఎన్నికల సభలకు, పెళ్లిళ్లకు, కుంభమేళాకు జనం పోటెత్తారు. మే మొదటి వారంలో ఒక్కరోజే 4.14 లక్షల కేసులు వచ్చాయి. ఫిబ్రవరిలో గ్రాఫ్ దిగిన మాట నిజమే. ఎందుకు దిగిందని నిలదీసినవాళ్లే తక్కువ.

జవాబు అప్పటికే చేతిలో ఉంది. రక్తంలో యాంటీబాడీలు చూసి ఎందరికి సోకిందో అంచనా కట్టే ఐసీఎంఆర్ (భారత వైద్య పరిశోధన మండలి) మూడో సీరో సర్వే ప్రకారం అప్పటిదాకా వైరస్ సోకింది సుమారు 21 శాతం మందికే. దాదాపు ఐదుగురిలో నలుగురికి అది ఇంకా సోకనే లేదు. అంటే గ్రాఫ్ దిగడానికి జనంలో రోగనిరోధకత ఒక్కటే కారణం కాదు.

ఒక్కో రోగి నుంచి సగటున ఒకరికి మించి సోకితే కేసులు పెరుగుతాయి, ఒకరికే సోకితే నిలకడగా ఉంటాయి, అంతకన్నా తగ్గితే దిగుతాయి. జనంలో రోగనిరోధకత పెరిగినా, మనుషులు ఎడంగా మసలుకున్నా, కాలం మారినా ఆ సగటు పడిపోతుంది. రోగనిరోధకత కొన్నాళ్లయినా కాపాడుతుంది. ఎడం పాటించడం వల్ల వచ్చిన తగ్గుదల మాత్రం మాస్కులు తీసేసేదాకానే. గ్రాఫ్‌లో ఈ రెండు తగ్గుదలల గీతలూ ఒకేలా కనిపిస్తాయి, అక్కడే వస్తుంది చిక్కు.

దిగే గీతను చూసి కారణాన్ని తప్పుగా ఊహించే ఈ పొరపాటుకు పాత ఉదాహరణ బొంబాయి ప్లేగు. సికింద్రాబాద్‌లో దోమ కడుపులో మలేరియా క్రిమిని కనిపెట్టిన రొనాల్డ్ రాస్ ప్రభావంతో గణితం వైపు మళ్లిన వైద్యుడు మెకెండ్రిక్. సోకాల్సినవాళ్లు తగ్గిపోవడం వల్లే అంటువ్యాధి దిగుతుందనే లెక్కతో 1927లో ఆయన, జీవరసాయన శాస్త్రవేత్త కెర్మాక్ కలిసి రాసిన సమీకరణం 1905-06 నాటి ప్లేగు మరణాల గీతతో చక్కగా కలిసింది. కానీ బొంబాయిలో ప్లేగు ఏటా చలికాలంలో పుంజుకుని ఎండలు ముదిరేసరికి తగ్గేది. ఆ సమీకరణంలో రుతువుల ఊసే లేదు. అసలు పరిస్థితులకు అది పూర్తిగా సరిపోదని వాళ్లే రాసుకున్నారు కూడా. తర్వాత పాఠ్యపుస్తకాల్లోకి ఎక్కింది గ్రాఫ్ ఒక్కటే!

'కేసులు నిలకడగా ఉన్నాయి' అనే ప్రకటన విని ఊపిరి పీల్చుకోవడమూ తొందరపాటే. శిఖరం మీద నిలకడ అంటే నిన్న వచ్చినంతమంది రోగులు ఇవాళా వస్తారని అర్థం. మరణాలు తగ్గడానికి మరికొన్ని వారాలు పడుతుంది.

ఏటా వానలతో పెరిగి, చలి ముదిరాక తగ్గే డెంగీని చూస్తున్న తెలుగు రాష్ట్రాలకు ఇది పాత కథ కాదు. చలికాలపు తగ్గుదలను ఫాగింగ్ ఖాతాలో వేసుకోవడం మున్సిపాలిటీలకు అలవాటే. డెంగీ అధికారిక లెక్కకు ల్యాబ్‌లో చేసే ఎలైజా అనే రక్తపరీక్ష కావాలి. ప్రైవేటు ఆసుపత్రుల్లో ర్యాపిడ్ కిట్‌తో తేలినవి అందులోకి రావు. పరీక్షలు తగ్గించినా గ్రాఫ్ దిగుతుంది. అందుకే బులెటిన్‌లో కేసుల పక్కనే ఎన్ని పరీక్షలు చేశారో, రోగులకు జ్వరం ఏ తేదీన మొదలైందో మండలాలవారీగా ఇవ్వాలని రెండు ప్రభుత్వాలనూ కోరుతున్నాం. ఈ సీజన్ నుంచే ఇవ్వాలి.