క్లాష్ రెండో ఆల్బమ్ అమెరికాకు అమ్ముడుపోయిందా?

లండన్ పంక్ రాక్ సంగీత బృందం ద క్లాష్ గురించి మాట వచ్చినప్పుడల్లా ఒక అభిప్రాయం ప్రచారంలోకి వస్తుంది. 1978 నవంబరులో విడుదలైన వారి రెండో ఆల్బమ్ ‘గివ్ ఎమ్ ఎనఫ్ రోప్’ అమెరికా మార్కెట్ కోసం వారి రికార్డు కంపెనీ సీబీఎస్ చెప్పినట్టల్లా చేసినదనీ, అందులో పంక్ పదునూ రాజకీయమూ పోయాయనీ, మొదటి ఆల్బమ్‌కూ మూడోదైన ‘లండన్ కాలింగ్’కూ నడుమ అదొక తడబాటనీ దాని సారాంశం. ఇందులో ఒక్క మాటా పరీక్షకు నిలవదు.

ఈ అభిప్రాయానికి ఆధారంగా చూపే విషయాలు మాత్రం నిజమే. మొదటి ఆల్బమ్‌ను సీబీఎస్ అమెరికాలో 1979 దాకా విడుదల చేయలేదు. రెండోదానికి ప్రొడ్యూసర్‌గా వచ్చిన శాండీ పెర్ల్‌మన్ అమెరికన్, అప్పటికే అమెరికన్ రాక్ బృందం బ్లూ ఆయిస్టర్ కల్ట్ రికార్డులతో పేరు పొందినవాడు. లండన్‌లో మొదలైన రికార్డింగు శాన్‌ఫ్రాన్సిస్కో, న్యూయార్క్ స్టూడియోలలో పూర్తయింది. బృందం గాయకుడు జో స్ట్రమ్మర్ గొంతు వాద్యాల కింద అణగిపోయిందన్న ఫిర్యాదుతో నేనూ ఏకీభవిస్తాను. అయితే మిక్సింగులో లోపం ఉన్నంత మాత్రాన పాటలే అమ్ముడుపోయినట్టు కాదు. అమెరికాను మెప్పించడమే ధ్యేయమైతే, చచ్చిపడిన కౌబాయ్‌ను రాబందులు పీక్కుతింటుండగా గుర్రం మీది చైనా అశ్వికుడు చూస్తున్న బొమ్మను ఎవరైనా అట్ట మీద వేసుకుంటారా?

పదును తగ్గిందనేవారు ఈ ఆల్బమ్‌లోని ‘టామీ గన్’ పాటను శ్రద్ధగా వినాలి. పాట మొదట్లోనే స్నేర్ డ్రమ్ తుపాకీ కాల్పుల్లా వరుసగా పేలుతుంది, ఆ దెబ్బలే పాటంతటికీ వెన్నెముకగా నిలుస్తాయి. వాటిని వాయించినది టాపర్ హెడన్. మొదటి ఆల్బమ్‌లో డ్రమ్స్ వాయించిన టెర్రీ చైమ్స్ వెళ్లిపోయాక 1977లో చేరిన హెడన్‌కు స్టూడియో ఆల్బమ్‌లలో ఇదే మొదటిది. అంతకుముందు లేని బిగువు ఈ రికార్డులో వినిపిస్తుందంటే ఆ ఘనతలో పెద్ద వాటా అతని చేతులదే. దాన్ని కంపెనీ పెట్టిన మెరుగుగా లెక్కకట్టడం ఆ వాద్యకారుడికి అన్యాయం చేయడమే.

ఇక రాజకీయం పలచబడిందన్న మాట నన్ను అన్నిటికన్నా బాధిస్తుంది. ‘ఇంగ్లిష్ సివిల్ వార్’ అమెరికా అంతర్యుద్ధ కాలపు పాట బాణీని తీసుకుని, బ్రిటన్‌లో తీవ్ర మితవాద పార్టీ నేషనల్ ఫ్రంట్ బలపడుతున్న రోజుల్లో ఫాసిజం ముప్పును హెచ్చరించిన పాట. అదే ఏడాది ఏప్రిల్‌లో లండన్‌లోని విక్టోరియా పార్కులో జాతివివక్షకు వ్యతిరేకంగా జరిగిన సభలో ఈ బృందం వాయించిందని గుర్తుంచుకుంటే ఆ పాట ఎక్కడ నుంచి వచ్చిందో తెలుస్తుంది. ‘సేఫ్ యూరోపియన్ హోమ్’ ఇంకా ధైర్యమైనది. జమైకా సంగీతమైన రెగ్గేను ప్రాణంగా ప్రేమించిన స్ట్రమ్మర్, బృందం గిటారిస్టు మిక్ జోన్స్ జమైకా వెళ్లి, దాని రాజధాని కింగ్‌స్టన్‌లో తాము భయపడిన పరాయి తెల్లవాళ్లమేనని గ్రహించి, ఆ సంగతిని దాచకుండా ఆల్బమ్ మొదటి పాటగా పెట్టారు. ఇతరులను నిందించే రాజకీయ గీతాలు చాలా ఉన్నాయి. తమ భద్రజీవితాన్నే ప్రశ్నించుకున్న పాటలు ఎన్ని ఉన్నాయి?

కంపెనీకి లొంగిపోయారన్న ఆరోపణకు జవాబు కూడా రికార్డుల్లోనే దొరుకుతుంది. తమను అడగకుండా సింగిల్ విడుదల చేసినందుకు 1977లోనే ‘కంప్లీట్ కంట్రోల్’ పాటలో సీబీఎస్‌ను నిలదీసినవారు వీరు. ఈ ఆల్బమ్ చివరి పాట ‘ఆల్ ద యంగ్ పంక్స్’ ఉపశీర్షికలోనూ కాంట్రాక్టుల ప్రస్తావన ఉంది.

విఫలమన్న మాటకు అంకెలే సమాధానం. బ్రిటన్ చార్టుల్లో మొదటి ఆల్బమ్ 12వ స్థానానికి చేరితే ఇది 2వ స్థానానికి చేరింది; అందరూ మెచ్చుకునే ‘లండన్ కాలింగ్’ అక్కడ 9వ స్థానం దాటలేదు. అమెరికాలో మాత్రం ఇది 128 దగ్గరే ఆగింది. నాణ్యతకు చార్టు కొలమానం కాదు గాని, వైఫల్యమని తేల్చేవారు ఈ లెక్కను పక్కన పెట్టలేరు. పైగా ‘లండన్ కాలింగ్’లో మనం మెచ్చుకునే విస్తృతికి బీజాలు ఇక్కడే ఉన్నాయి: ‘జూలీస్ బీన్ వర్కింగ్ ఫర్ ద డ్రగ్ స్క్వాడ్’ పాటలో పియానో, ‘డ్రగ్ స్టాబింగ్ టైమ్’లో శాక్సఫోన్, జైలుకు వెళ్లివచ్చిన స్నేహితుడి కోసం జోన్స్ మెత్తగా పాడిన ‘స్టే ఫ్రీ’. ఇవన్నీ ‘లండన్ కాలింగ్’కు ఏడాది ముందే ఈ బృందం చేసి చూపించిన పనులు.