గుమ్మటం లేకపోతే మసీదు కాదా?

మా స్కూలు ఫ్రెండ్స్ గ్రూపులో వారం నుంచి ఒక ఫార్వర్డ్ తిరుగుతోంది. కేరళలో పెంకుల కప్పున్న ఓ పాత మసీదు ఫొటో, కింద నాలుగు ముక్కలు: గుమ్మటం, మినార్ ఇస్లాం పుట్టినప్పటి నుంచీ ఉన్నాయి, అవి లేనిది మసీదే కాదు, కాబట్టి ఈ పెంకుల మసీదులన్నీ ఒకప్పటి గుళ్ళే, అనుమానముంటే మన హైదరాబాద్ మక్కా మసీదు చూసుకోండి, మొత్తం మక్కా మట్టితో కట్టారు. దానికి బోలెడు లైకులు.

మొదటి ముక్కే తప్పు. 622లో మదీనా వెళ్ళాక ప్రవక్త కట్టించిన మసీదుకి పచ్చి ఇటుక గోడలు, ఖర్జూరపు మానులే స్తంభాలు, పైన ఖర్జూరపు మట్టలు. వానొస్తే కారేది కూడా. ప్రవక్త అనుచరుడు బిలాల్ అజాన్, అంటే నమాజు పిలుపు, ఇచ్చింది పక్కనే ఉన్న ఎత్తయిన ఇంటి మీదికెక్కి. మూలల్లో మినార్లు, మక్కా వైపు గోడలో లోపలికి తొలిచిన గూడు, అదే మిహ్రాబ్, ఇవన్నీ ఆ మసీదుకి వచ్చింది 8వ శతాబ్దం మొదట్లో, ఖలీఫా వలీద్ తిరగ్గట్టించినప్పుడు. ఇక గుమ్మటమా, ఇస్తాంబుల్‌లో హాగియా సోఫియా చర్చి మీద అది లేచింది 537లో, ప్రవక్త పుట్టకముందే. అంటే అది ఇస్లాంతో పుట్టిందే కాదు.

రెండోది, 'అవి లేనిది మసీదే కాదు'. నమాజుకి కావాల్సింది మక్కా దిక్కు తెలియడం, కాళ్ళూ చేతులూ కడుక్కోడానికి నీళ్ళు, వరుసలో నిలబడేందుకు శుభ్రమైన చోటు. మిగతాది ఆ ఊరి మేస్త్రీ చేతివాటం, అక్కడి వాన, అక్కడ దొరికే సరుకు. ఆఫ్రికాలో మాలి దేశంలోని జెన్నె పట్నంలో మసీదు అచ్చం మట్టిది, ఏటా ఊరంతా కలిసి కొత్త మట్టి పూస్తారు. చైనాలో షియాన్ మసీదు చూస్తే ఏ బౌద్ధ మందిరమో అనుకుంటాం.

కేరళ సంగతి కాస్త వివరంగా చెప్పాలి. కోళికోడ్‌లో కుట్టిచిర చెరువు గట్టు మీద నిలబడి చూశాను మిష్కాల్ పళ్ళిని. (మలయాళంలో మసీదునీ పళ్ళి అంటారు, చర్చినీ పళ్ళే అంటారు.) నాలుగంతస్తులు, పైకి పోయేకొద్దీ చిన్నవవుతూ, ప్రతి అంతస్తుకీ చూరు కిందికి వాలి, నీలం రంగేసిన చెక్క జాలీలు. 14వ శతాబ్దంలో మిష్కాల్ అనే ఓడల వర్తకుడు కట్టించాడు. ఆ వానల్లో ఏటవాలు కప్పు లేకపోతే ఏ కట్టడమైనా నానిపోతుంది, అందుకే అక్కడ ఇల్లయినా గుడయినా మసీదయినా వడ్రంగి పనితనం ఒక్కటే. పోలిక అక్కణ్ణించి వచ్చింది, ఆక్రమణ నుంచి కాదు. 1510లో పోర్చుగీసువాళ్ళు దీన్ని తగలబెట్టారు. 1571లో జామొరిన్, అంటే ఆ ఊరి హిందూ రాజు, చాలియంలోని వాళ్ళ కోటని పడగొట్టించాక ఆ కోట కలపే తెచ్చి ఈ మసీదు బాగుచేశారని అక్కడివాళ్ళు ఇప్పటికీ చెబుతారు.

గుళ్ళు పడగొట్టి కట్టిన మసీదులు అసలు లేవా అంటే, ఉన్నాయి. ఢిల్లీలో కుతుబ్ మినార్ పక్కనున్న మసీదు శాసనమే 27 గుళ్ళ సామాను వాడామని చెబుతుంది. అది రాతలో ఉన్న రుజువు. పెంకులు చూసి తీర్పు చెప్పడం రుజువెలా అవుతుంది?

చివరికి మన మక్కా మసీదు. మక్కా మట్టితో చేసిన ఇటుకలు కొన్ని నడిమి కమానులో పెట్టారని, పేరు అందుకే వచ్చిందని చెప్పుకుంటారు. గోడలూ స్తంభాలూ మాత్రం ఇక్కడి గ్రానైటే. 1617లో మహమ్మద్ కుతుబ్ షా మొదలెడితే 1694లో ఔరంగజేబు హయాంలో పూర్తయింది. పని నడుస్తుండగా చూసిన ఫ్రెంచి వజ్రాల వ్యాపారి టావెర్నియే, నమాజు గూడు కోసం ఒకే బండని తొలవడానికి ఐదేళ్ళు, ఐదారు వందల మంది పట్టారని, దాన్ని లాగడానికి 1400 ఎద్దులు కట్టారని తనకు చెప్పారని రాశాడు. ఆ ఎద్దులు మక్కా నుంచి ఎర్రసముద్రం ఈదుకుంటూ రాలేదు కదా!

ఇంకో మాట. చార్మినార్ వైపు నుంచి వెళ్ళి ఆ మసీదు ముందు నిలబడండి. ఐదు కమానులు, రెండు చివర్లా పొట్టి బురుజులు, వాటి నెత్తిన చిన్న గుమ్మటాలు. మధ్యలో పెద్ద గుమ్మటం ఎక్కడుందో ఫొటో మీద చుట్టి చూపించమని గ్రూపులో అడిగాను. రెండు రోజులైంది, ఇంకా ఎవరూ చుట్టలేదు.