పిల్లల గిటార్లకు లావు తీగలు వేయించకండి

మొన్న ఆదివారం సాయంత్రం మా ఇంటికి ఒక కుర్రాడు వచ్చాడు. తొమ్మిదో తరగతి. మా బరంపురం గాంధీనగర్ వాళ్లే, వాళ్ల నాన్నా నేనూ ఒకే బళ్లో చదువుకున్నాం. భుజాన గిటార్ సంచి. "మావయ్యా, దీన్ని ఎవరికైనా అమ్మేసి పెడతారా?" అన్నాడు. ఆరు నెలల కిందట అది కొన్న రోజు రాత్రి పదకొండింటికి ఫోన్ చేసి మరీ నాకు వినిపించినవాడు వీడే.

ఎడమ చెయ్యి చూపించమన్నాను. వేళ్ల కొసలు కమిలిపోయి ఉన్నాయి. ఉంగరం వేలి మీద చర్మం చిట్లింది. గిటార్ తీసి చూశాను, ఎలక్ట్రిక్ గిటార్. 12 సెట్, అంటే బాగా లావు తీగలు, వేసి ఉంది. పన్నెండో ఫ్రెట్ (మెడ మీది మెట్టు) దగ్గర తీగ కింద రెండు రూపాయి బిళ్లలు ఒకదానిమీద ఒకటి పెట్టి దూర్చాను, ఇంకా ఖాళీ మిగిలింది.

"ఇవి వేయించమని ఎవరు చెప్పార్రా?"

"మెలడీ ఆర్కెస్ట్రాలో వాయించే అన్నలు చెప్పారు మావయ్యా. 9 సెట్ ఆడపిల్లలకట. లావు తీగలు వేస్తేనే టోన్ వస్తుందట, వేళ్లు గట్టిపడతాయట."

అప్పటినుంచి నాకు మనసు కుదురుగా లేదు. ఆ మాట చెప్పింది ఎవరైనా సరే, ఈ పోస్ట్ వాళ్లూ చదవాలి, వాళ్ల మాట విని తీగలు మార్చిన పిల్లలూ చదవాలి. నేను కూడా మెలడీ పార్టీలోనే వాయిస్తాను, పంతొమ్మిదేళ్లుగా. ఇచ్ఛాపురం, సోంపేట, పలాస నుంచి ఇటు పర్లాకిమిడి దాకా మా పార్టీ వెళ్లని ఊరు లేదు. నేను వాడేది 11 సెట్. కాబట్టి లావు తీగలు పడనివాడి ఏడుపు ఇది అని ఎవరూ అనుకోవద్దు.

ముందు లెక్క చెబుతాను. 9 సెట్ అంటే అన్నిటికంటే సన్న తీగ మందం అంగుళంలో వెయ్యింట తొమ్మిది వంతులు. 11 సెట్‌లో పదకొండు వంతులు. తేడా రెండు వంతులు, అంటే మిల్లీమీటరులో ఇరవయ్యో వంతు, దాదాపు ఒక వెంట్రుక మందం. కంటికి ఆనదు. కానీ అదే శ్రుతిలో ఉంచాలంటే బిగువు మందానికి వర్గంలో పెరుగుతుంది. తొమ్మిది తొమ్మిదులు ఎనభై ఒకటి, పదకొండు పదకొండులు నూట ఇరవై ఒకటి. ఒక్క వెంట్రుక తేడాకి బిగువు ఒకటిన్నర రెట్లు. 25.5 అంగుళాల స్కేలు (తీగ మోగే పొడవు) ఉన్న గిటార్ మీద ఆరు తీగలూ కలిపి 9 సెట్ నెక్‌ని లాగే బలం దాదాపు 38 కిలోలు. 10 సెట్ దాదాపు 47. 11 సెట్ 53 పైమాటే. సిమెంటు బస్తా 50 కిలోలు. ఆ బరువంతా చెక్కతో చేసిన ఒక సన్నటి మెడ రాత్రీ పగలూ మోస్తూ ఉంటుంది.

మరి నేనెందుకు మారాను? మా పార్టీలో పాడే అక్క కోసం. పాతికేళ్లు పాడిన గొంతు ఆమెది. మూడేళ్ల కిందట పై స్థాయిలో ఇబ్బంది పడుతుంటే, పాటలన్నీ అర శ్రుతి దించుదామని అందరం అనుకున్నాం. కీబోర్డు వాళ్లకి అది ఒక బటన్. నేను తీగలు దించాలి. అప్పటికి నాది 9 సెట్. అర శ్రుతి దించితే ఏ తీగకైనా బిగువు నూటికి పదకొండు వంతులు తగ్గుతుంది. అసలే సన్నవి, ఇంకా వదులయ్యాయి. కింది తీగలు ఫ్రెట్లకి తగిలి జిర్రుమంటున్నాయి. గట్టిగా కొడితే స్వరం ఒక్క క్షణం పైకెగిరి అప్పుడు కిందికి దిగుతోంది. అక్క పల్లవి అందుకునేసరికి నా కార్డ్ పక్కకి పోతోంది. అందుకని 11 సెట్. అర శ్రుతి దించాక దాని మొత్తం బిగువు మామూలు శ్రుతిలో ఉన్న 10 సెట్‌కి దాదాపు సమానం. నేను మారింది ఈ లెక్క చూసుకుని.

అయినా మొదటిసారి దెబ్బతిన్నాను. ఊళ్లో ఒక షాపులో ఇస్తే పాత తీగలు తీసి కొత్తవి బిగించి, డబ్బు తీసుకుని, చేతికిచ్చేశారు. ఇంకేమైనా చూడాలా అని అడిగితే "ఏమీ అక్కర్లేదు, వాయించుకోండి" అన్నారు. అదే రాత్రి ఇచ్ఛాపురంలో ప్రోగ్రాం. రెండో పాటలో మొదటి బెండ్ చేసి, అంటే తీగని పక్కకి తోసి స్వరం పెంచి, వదిలాను. తీగ వెనక్కి రాలేదు. శ్రుతి దిగి అక్కడే కూర్చుంది. సర్దుకుందామని కీ తిప్పితే నట్ (మెడ పైకొసన తీగలు ఆనే గాళ్ల పట్టీ) దగ్గర "టిక్"మని చప్పుడు, తీగ ఒక్కసారిగా పైకి జంప్ చేసింది. ఆ ఒక్క తీగ సర్దేసరికి మిగతా అయిదూ కదిలిపోయాయి. నాది ట్రెమోలో బ్రిడ్జి, అంటే తీగలు ఒకవైపు, వెనక స్ప్రింగులు ఇంకోవైపు లాగుతుంటే మధ్యలో నిలబడేది. తీగల పక్క బలం పెరిగేసరికి బ్రిడ్జి ముందుకి వాలిపోయింది. మూడు గంటల ప్రోగ్రాం. నేను వాయించింది గంట కూడా లేదు. అక్క ఒక్క మాట అనలేదు. వ్యాన్‌లో బరంపురం దాకా నేనూ మాట్లాడలేదు.

మర్నాడు గిటార్ పట్టుకుని పాత బస్టాండు వైపు హార్మోనియంలు, వీణలు బాగుచేసే పెద్దాయన దగ్గరికి వెళ్లాను. ఆయన గిటార్ వాయించరు. తీగని గోటితో కదిపి, నట్ దగ్గర చెవి పెట్టి విన్నారు. "తీగ మార్చేసి ఊరుకుంటే ఎలా బాబూ? అది కూర్చునే పీట మార్చొద్దా?" అన్నారు. సన్న తీగకి కోసిన గాడిలో లావు తీగ ఇరుక్కుపోయింది. గ్యాస్ వెల్డింగ్ నాజిల్ శుభ్రం చేసే సన్న ఆకురాళ్ల కట్ట ఒకటి తీశారు, పురికొస కంటే సన్నగా ఉంటాయి అవి. ఒక్కో గాడీ నాలుగైదు సార్లు రుద్దడం, తీగ పెట్టి చూడడం, మళ్లీ రుద్దడం. గాడి లోతు పెంచకుండా వెడల్పు మాత్రమే పెంచాలి, లోతైతే తీగ మొదటి ఫ్రెట్‌కి తగిలి మోగుతుంది. చివర్లో పెన్సిల్ ములుకు గాడిలో రాసి "ఇప్పుడు తిప్పు" అన్నారు. కీ తిప్పాను. టిక్ లేదు. స్వరం నూనె రాసినట్టు జారుతూ పైకి వచ్చింది.

మిగతా పని ఇంటికొచ్చి నేనే చేసుకున్నాను. చేయదలచుకున్నవాళ్ల కోసం రాస్తున్నాను. వెనక మూత విప్పితే స్ప్రింగులు బిగించిన కొక్కేనికి రెండు స్క్రూలు కనిపిస్తాయి. స్టార్ స్క్రూడ్రైవర్‌తో రెంటినీ సమానంగా, సగం చుట్టు చొప్పున బిగించండి, ప్రతిసారీ మళ్లీ శ్రుతి చేసి బ్రిడ్జి ఎలా నిలబడిందో చూడండి. మూడు స్ప్రింగులు చాలకపోతే నాలుగోది వేయండి. తర్వాత నెక్. బిగువు పెరిగితే నెక్ ముందుకి వంగుతుంది, అందుకే తీగ ఎత్తుగా కనిపిస్తుంది. అన్నిటికంటే లావు తీగని మొదటి ఫ్రెట్ దగ్గర ఒక వేలితో, పదిహేడో ఫ్రెట్ దగ్గర ఇంకో వేలితో నొక్కి, ఏడో ఫ్రెట్ మీద ఖాళీ చూడండి. మిల్లీమీటరులో పావు వంతు, అంటే విజిటింగ్ కార్డు దూరేటంత ఉంటే చాలు. ఎక్కువుంటే ట్రస్ రాడ్‌ని, అంటే నెక్ లోపలి ఇనుప కడ్డీని, పావు చుట్టు బిగించండి. పావు చుట్టే. బిగుసుకుపోయి కదలకపోతే బలం ఉపయోగించకండి, తెలిసినవాళ్లకి ఇవ్వండి. రాడ్ విరిగితే ఆ నెక్ పోయినట్టే. చివరగా పన్నెండో ఫ్రెట్ స్వరం సరిచూసి సాడిల్ (బ్రిడ్జి మీద తీగ ఆనే ముక్క) జరపాలి, లావు తీగకి సాధారణంగా కాస్త వెనక్కి.

ఇవేమీ ఆ కుర్రాడి గిటార్‌కి ఎవరూ చేయలేదు. తీగలు వేశారు, అంతే. వాడి మొదటి తీగ ఒక్కటే దాదాపు 6 కిలోల నుంచి పదిన్నర కిలోల బిగువుకి వెళ్లింది, దాని మీద నెక్ వంగి తీగ ఇంకా పైకి లేచింది. పధ్నాలుగేళ్ల పిల్లాడు ఆ ఎత్తు నుంచి ఆ తీగని నొక్కాలి. నొప్పి పుడితే తన వేళ్లలోనే లోపముందని అనుకున్నాడు. నాకు కోపం అక్కడే వస్తుంది. వేళ్లు కాయలు కాయడానికి 9 సెట్ చాలు, రోజూ అరగంట వాయిస్తే కొన్ని వారాల్లో వాటంతట అవే కాస్తాయి. గాయం మీద గాయమైతే కాయ కాయదు, చర్మం చిట్లుతుంది.

ఇక టోన్ సంగతి. తీగలో ఇనుము ఎక్కువైతే పికప్ (తీగ కదలికని సిగ్నల్‌గా మార్చే అయస్కాంతం) నుంచి సిగ్నల్ కాస్త ఎక్కువ వస్తుంది, నిజమే. కానీ పికప్ స్క్రూ కొంచెం పైకెత్తినా సిగ్నల్ పెరుగుతుంది. ఎప్పుడూ బ్లూస్ గిటారిస్ట్ స్టీవీ రే వాన్ పేరు చెబుతారు, ఆయన 13 సెట్ వాడాడని. వాడాడు, అర శ్రుతి దించి వాడాడు. ఆ సగం మాత్రం ఎవరూ చెప్పరు. మరి జీజీ టాప్ బ్యాండ్ గిటారిస్ట్ బిల్లీ గిబ్బన్స్? ఆయన వాడేది 7 సెట్. ఆయన టోన్ సన్నగా ఉందని అనే ధైర్యం ఎవరికైనా ఉందా? ఇక బ్లాక్ సబ్బాత్ బ్యాండ్ గిటారిస్ట్ టోనీ అయోమి. పదిహేడో ఏట ఫ్యాక్టరీలో కుడిచేతి రెండు వేళ్ల కొసలు తెగిపోయాయి. ఎడమచేతి వాటం కాబట్టి తీగలు నొక్కేది ఆ చేతితోనే. మామూలు తీగలు నొక్కలేక బ్యాంజో తీగలు తెచ్చి వేసుకున్నాడు, వేళ్లకి తొడుగులు చేసుకున్నాడు, తర్వాత శ్రుతి కూడా దించాడు. బ్లాక్ సబ్బాత్ అంత బరువైన సౌండ్ సన్న తీగల మీద పుట్టింది. అసలు ఈ 9, 10 సెట్లు వచ్చిందే నేర్చుకునే పిల్లల కోసం. కాలిఫోర్నియాలో గిటార్ షాపు నడుపుతున్న ఎర్నీ బాల్, నేర్చుకునే పిల్లలు మూడో తీగ బెండ్ చేయలేక అవస్థ పడడం చూసి 1962లో స్లింకీ అనే సన్న తీగల సెట్లు తెచ్చాడు. నేర్చుకునేవాళ్ల అవస్థ చూసి చేసిన తీగని పట్టుకుని, ఇవాళ నేర్చుకునే పిల్లాడికే తగదంటున్నారు.

మన దగ్గరి సంగతే చూడండి. వీణ మీద గమకం అంటే తీగని మెట్టు మీద పక్కకి లాగడమే కదా. వీణ వాయించే ఇళ్లలో "నా తీగ లావు" అని ఎవరైనా గొప్పలు చెప్పుకోగా విన్నారా? శ్రుతి బట్టి తీగ ఎంచుకుంటారు. పాలకొల్లులో పుట్టిన మాండలిన్ శ్రీనివాస్ గారు జంట తీగలున్న మాండలిన్‌ని అయిదు ఒంటి తీగల ఎలక్ట్రిక్ మాండలిన్‌గా మార్చుకుని గమకాలు పలికించారు. వాద్యాన్ని పాటకి తగ్గట్టు మలచుకోవడం అంటే అది. తెలుగు పాటలకి సోలోలు వాయించేవాళ్లకి బెండ్లు, జారుడు స్వరాలు రోజూ పని. 11 సెట్ మీద ఒక స్వరం బెండ్ చేయడానికి నేను మూడు వేళ్లు కలిపి తోయాలి. కొన్ని పాటల్లో బెండ్ మానేసి స్లైడ్ చేస్తున్నాను. అది నేను ఒప్పుకుని కట్టిన ధర. పిల్లాడి చేత ఎందుకు కట్టిస్తారు?

"ఆడపిల్లల తీగలు" అన్న మాట ఎంత తప్పో కూడా చెప్పాలి. మా వీధిలో ఇద్దరు అమ్మాయిలు నేర్చుకుంటున్నారు. వాళ్లు వింటుండగా ఈ మాట అంటే వాళ్లకి చెప్పేది ఏమిటి? మీరు తక్కువ అని. అబ్బాయికి చెప్పేది ఏమిటి? నొప్పి గురించి నోరెత్తకు అని. ఒక్క మాటతో ఇద్దరినీ గిటార్‌కి దూరం చేస్తున్నారు. మన ఊరి అమ్మవారి జాతర ఠాకురాణి యాత్ర రెండేళ్లకోసారి వస్తుంది, ప్రతిసారీ మెలడీల్లో గిటార్ వాయించే కొత్త పిల్లలు తగ్గుతున్నారని మనమే అనుకుంటున్నాం.

లావు తీగలు తుప్పు పట్టవని కూడా కుర్రాడికి ఎవరో చెప్పారట. గోపాల్‌పూర్ సముద్రపు గాలికి ఏ మందం తీగ అయినా ఒకటే. వాయించాక పాత నూలు గుడ్డతో తుడవండి, తీగ అడుగువైపు కూడా.

ఆ రాత్రే కుర్రాడి గిటార్‌కి 12 సెట్ తీసేసి నా దగ్గరున్న 9 సెట్ వేశాను. నట్ మీది గాడులు వాడి అదృష్టం కొద్దీ ఎవరూ కోయలేదు. కొత్తవి శ్రుతి చేశాక నెక్ దగ్గర విజిటింగ్ కార్డు పెట్టి చూశాను, బ్రిడ్జి ఎలా నిలబడిందో చూశాను. పన్నెండో ఫ్రెట్ దగ్గర ఈసారి ఒక్క రూపాయి బిళ్ల దూరింది. వేలు మానేదాకా వారం రోజులు ముట్టుకోవద్దని చెప్పాను. వాడు వినకుండా అక్కడే చాప మీద కూర్చుని, దెబ్బ తగిలిన వేలు పైకెత్తి, మిగతా వేళ్లతో E మైనర్ కార్డ్ పట్టాడు.

బరంపురం చుట్టుపక్కల ఎవరి పిల్లలైనా వేళ్ల నొప్పి అని గిటార్ పక్కన పెట్టేసి ఉంటే, శనివారం సాయంత్రం అయిదు తర్వాత మా ఇంటికి తీసుకురండి. డబ్బులు వద్దు. తీగల సెట్ ఖాళీ కవర్ ఉంటే అదీ తెచ్చుకోండి, దాని మీద నంబరు చూడాలి.