ఎరువు కొనేదెవరో తేల్చకుండా చెత్త ప్రణాళికా?

మా పట్టణానికి కొత్త చెత్త ప్రణాళిక తయారవుతోంది. వార్డులో చూపించిన ముసాయిదా కాగితాలన్నీ తిరగేశాను. బ్యాటరీ బండ్లు ఎన్ని కొనాలి, షెడ్డు ఎంత పెంచాలి, ప్రహరీకి ఎంత, సిమెంటు దారికి ఎంత, అన్నీ వివరంగా ఉన్నాయి. తయారైన ఎరువు ఎవరు కొంటారు? ఎవరికీ అక్కరలేని ప్లాస్టిక్ ఎక్కడికి పోతుంది? ఈ రెండు ప్రశ్నలకు ఒక్క పేజీ కేటాయించలేదు. నా కోపమంతా ఇక్కడే.

బరంపురం, పర్లాకిమిడి, గుణుపురం, రాయగడ, జయపురం వైపు ఉన్న మన తెలుగువాళ్ళందరూ దీన్ని చదవాలని రాస్తున్నాను. ముందు ఒక మాట ఒప్పుకోవాలి. చెత్త విషయంలో ఒడిశా ఎంచుకున్న దారి మంచిది. ఊరి చెత్తంతా ఒకే గుట్టగా పోయకుండా, పట్టణాల్లోనే చిన్న చిన్న ఎరువు కేంద్రాలు, పొడి చెత్త వేరుచేసే కేంద్రాలు కట్టింది. ఎరువు కేంద్రాన్ని ఎంసీసీ అనీ, పొడి చెత్త కేంద్రాన్ని ఎంఆర్‌ఎఫ్ అనీ అంటారని ఇప్పుడు మా వీధిలో పిల్లలకు కూడా తెలుసు. వాటి నిర్వహణ మిషన్ శక్తి అనే రాష్ట్ర పథకంలోని మహిళా సంఘాల చేతికిచ్చింది. చెత్త ఎలా వేరుచేయాలో ఇంటింటికీ తిరిగి చెప్పడానికి స్వచ్ఛ సాథీలను పెట్టింది. ఎరువుకు ‘మో ఖత’ అని పేరు పెట్టి సంచుల్లో అమ్మిస్తోంది. ఇంత మంచి ఏర్పాటు ఉన్నచోట ప్రణాళిక ఇంత డొల్లగా ఉండడమే నన్ను బాధపెడుతోంది.

ఎరువు కేంద్రానికి ఒకసారి వెళ్ళి చూడండి. గాలి ఆడేలా సందులు వదిలి కట్టిన ఇటుక తొట్లు వరుసగా ఉంటాయి. ఒక వరస తడి చెత్త, పైన ఎండుటాకులో కొబ్బరి పీచో, మళ్ళీ తడి చెత్త. లోపల వేడి పుట్టాలి, మధ్యమధ్యలో తిరగెయ్యాలి, తడి ఎక్కువైతే కుళ్ళు వాసన, తక్కువైతే పని ఆగిపోతుంది. నెల పైన పడుతుంది. తరువాత ఆరబెట్టి జల్లెడ పడతారు. చక్కగా నల్లగా, మట్టి వాసన వేసే ఎరువు వస్తుంది. కానీ తొట్లో వేయడానికి ముందు బల్ల మీద జరిగే పని చూస్తే మనసు ఊరుకోదు. కూరగాయ తొక్కల మధ్య నుంచి పాల కవర్లు, పగిలిన గాజులు, బ్లేడు ముక్కలు, పిల్లల డైపర్లు, థర్మోకోల్ తునకలు ఒక్కొక్కటే చేత్తో ఏరుతున్నారు ఆ అమ్మలు. గ్లౌజు వేలి దగ్గర చిరిగిపోయి ఉంది. “బాబూ, చెత్త మొయ్యడం మాకు కష్టం కాదు. మీరు కలిపేసి పంపినదాన్ని విడదీయడమే కష్టం” అన్నారు ఒకావిడ. ఆ ముసాయిదా రాసినవాళ్ళు ఈవిడను ఒక్క ప్రశ్న అడిగి ఉంటే సగం పేజీలు మారిపోయేవి.

ఎందుకంటే ఈ పనిలో డబ్బూ, ఎరువూ, పరువూ అన్నీ తడి పొడి కలవకుండా ఉండడం మీదే నిలబడి ఉన్నాయి. ఒక గాజు ముక్క కనబడితే చాలు, రైతు మళ్ళీ ఆ సంచి ముట్టుకోడు. తడిసి జిడ్డుపట్టిన అట్టపెట్టెకు పాతసామాన్ల వ్యాపారి ధర ఇవ్వడు. ఇళ్ళలో వేరుచేసినా, రెండూ ఒకే బండిలో ఒకే అరలో వేసుకుని పోతుంటే జనం మాత్రం ఎన్నాళ్ళని వేరుచేస్తారు? మా వీధిలో సరిగ్గా ఇదే జరిగింది. అర విరిగిన బండిని బాగుచేయించకుండా నెలల తరబడి తిప్పారు, ఆడవాళ్ళు విసిగి రెండు బుట్టలు మానేశారు. కొత్త బండ్లకు నిధులు దొరుకుతాయి, పాతదానికి రేకు అతకడానికి మాత్రం పద్దు ఉండదు! 2021 నుంచి 2026 వరకు చిన్న పట్టణాలకిచ్చిన గ్రాంటులో 30 శాతాన్ని పారిశుద్ధ్యానికీ చెత్త పనులకీ విడిగా కట్టిపెట్టింది, కేంద్రం డబ్బు ఎలా పంచాలో చెప్పే 15వ ఆర్థిక సంఘం. అలాంటి డబ్బుకు దారి చూపాల్సింది ఇలాంటి ప్రణాళికే.

పెళ్ళిళ్ళ సంగతి మరీ దారుణం. ఒకప్పుడు ఈ కొండల నుంచి వచ్చిన అడ్డాకుల విస్తళ్ళలో భోంచేసిన ఊరు ఇది. ఆ ఆకులు కుట్టి బతికే గిరిజన ఆడవాళ్ళు ఇప్పటికీ సంతకు వస్తూనే ఉన్నారు. మనమేమో ప్లాస్టిక్ పూత పూసిన కాగితపు పళ్ళాలు కొంటున్నాం. అవి ఎరువూ కావు, పాతసామాన్లలోకీ పోవు. వంద మందికి మించి జనం చేరే కార్యక్రమం అనుమతి లేని చోట చేస్తుంటే, మూడు పనిదినాల ముందే స్థానిక సంస్థకు చెప్పాలి, అక్కడి చెత్త అక్కడే వేరుచేయాలి అని 2016 నాటి కేంద్ర చెత్త నిర్వహణ నిబంధనల్లోనే రాశారు. ఈ మాట ఏ పందిరి దగ్గరైనా విన్నారా? అడ్డాకుల విస్తళ్ళు పెట్టిన పెళ్ళికి చెత్త రుసుము తగ్గిస్తామని ఒక్క వాక్యం రాస్తే చాలు. చెత్తా తగ్గుతుంది, కొండమీది ఇళ్ళకు నాలుగు డబ్బులూ చేరతాయి.

ఇక ఎరువు. ఆ 2016 నిబంధనల్లోనే మరో మంచి మాట ఉండేది. రసాయన ఎరువులు ఆరేడు సంచులు అమ్మేచోట చెత్తతో చేసిన ఎరువు మూడు నాలుగు సంచులు కలిపి అమ్మించాలని కేంద్ర ఎరువుల శాఖకు బాధ్యత అప్పగించారు. మా దగ్గర ఎరువుల దుకాణానికి యూరియా కోసం వచ్చే రైతులకు మో ఖత పేరు కూడా ఎవరూ చెప్పరు. ఎరువు కేంద్రంలో సంచులు గోడవారన పేరుకుపోయి ఉన్నాయి. చుట్టూ జీడితోటలు, వరిపొలాలు, కూరగాయ మడులు ఉన్న జిల్లాలో ఎరువు అమ్ముడుపోలేదంటే తప్పు ఎరువుదని నేనైతే నమ్మను. ఏ పంటకు ఎంత వేయాలో చెప్పి, పరీక్ష కాగితం చూపించి, సంత రోజున ఒక బల్ల పెట్టి అమ్మితే కొనరా? ఆ బల్లకు ప్రణాళికలో చోటు లేదు.

ప్లాస్టిక్ సీసాలు, ఇనుము, అట్ట గురించి నాకు బెంగ లేదు. ధర ఉంది, పట్టుకుపోతారు. గుట్కా, చిప్స్ ప్యాకెట్లు, తెగిపోయిన చెప్పులు, చిరిగిన బట్టలు మాత్రం ఎవరూ కొనరు. అవే చివరికి కాలువ గట్టు మీద కాలుతున్నాయి. వాటిని పోగుచేసి, ఇంధనంగా కాల్చుకునే సిమెంటు కర్మాగారానికో మరో చోటికో పంపాలంటే లారీ కిరాయి కావాలి. ఒక చిన్న పట్టణం ఒంటరిగా మోయలేదు. పక్కపక్క పట్టణాలు నాలుగు కలిసి ఒక లారీ కుదుర్చుకుంటే సాధ్యమే. అవసరమైతే సరిహద్దు దాటి శ్రీకాకుళం, పార్వతీపురం వైపు వాళ్ళతోనూ మాట్లాడుకోవాలి. నాగావళి, వంశధార ఇక్కడి నుంచే అక్కడికి పారుతున్నాయి. ఇక్కడ గట్టు మీద పోసింది వానాకాలం రాగానే అక్కడ మన బంధువులు తాగే నీళ్ళలోకే చేరుతుంది. చెత్త పూడ్చే స్థలం నదికి వంద మీటర్లు, చెరువుకు రెండు వందల మీటర్ల దూరంలో ఉండాలని కూడా 2016 నిబంధనల్లోనే రాశారు. గట్టు మీద అడుగులు వేసి కొలిచి చూస్తే ఎవరికైనా నిజం తెలుస్తుంది.

ఇంకొకటి. ఇళ్ళకు పంచిన కరపత్రాలన్నీ ఒడియాలోనే ఉన్నాయి. మన పెద్దవాళ్ళు ఒడియా హాయిగా మాట్లాడతారు, చాలామంది చదవలేరు. తెలుగువాళ్ళు, సవరలు ఎక్కువగా ఉన్న వార్డుల్లో వాళ్ళకు అర్థమయ్యేలా చెప్పించాలి. బొమ్మలు వేసినా చాలు.

ముసాయిదా మీద అభ్యంతరాలు తీసుకుంటున్నారు కాబట్టి నేను రాసిచ్చేది ఇదే. ప్రతినెలా ఎరువు కేంద్రం గేటు మీద ఒక బోర్డు పెట్టండి. ఎంత చెత్త వచ్చింది, ఎంత ఎరువైంది, ఎంత అమ్ముడైంది, పొడి చెత్త ఎంతకు పోయింది, ఏమీ చేయలేక మిగిలింది ఎంత, అన్నీ అందులో ఉండాలి. అమ్మకం డబ్బులో సంఘం ఆడవాళ్ళ వాటా ఎంతో అదీ రాయండి. బండ్ల మరమ్మతుకు విడిగా పద్దు పెట్టండి. ప్రణాళిక ఆమోదించే సమావేశంలో బల్ల దగ్గర చెత్త ఏరే ఆవిడకూ, పాతసామాన్ల వ్యాపారికీ కుర్చీ వేయండి. ఈ అభ్యంతరం మీద సంతకం చేయాలనుకున్న వార్డు వాళ్ళు నాకు చెప్పండి, కాగితం ఇంటికే తెస్తాను.