సవరణ: అద్దె ఇళ్ల లైసెన్సు, తనిఖీల గురించి

విజయవాడలో ఇల్లు అద్దెకిచ్చే ప్రతి యజమానీ ఇకపై నగరపాలక సంస్థ లైసెన్సు తీసుకోవాలని, అధికారులు ఇంటిని తనిఖీ చేస్తారని అర్థం వచ్చేలా ఉన్న క్రితం రాతలోని వాక్యాలకు బదులు ఈ వివరణను చదువుకోవలసిందిగా మనవి. లైసెన్సు పద్ధతి ఇంగ్లండుది. 2004 నాటి గృహ చట్టం ప్రకారం, వేర్వేరు కుటుంబాలకు చెందిన ఐదుగురు లేదా అంతకు మించినవారు వంటగదినో స్నానాలగదినో పంచుకుంటూ అద్దెకుండే ఇంటికి అక్కడి స్థానిక సంస్థ లైసెన్సు ఉండాలి.

మన కేంద్ర మంత్రివర్గం 2021 జూన్ 2న ఆమోదించిన నమూనా అద్దె చట్టంలో అటువంటి లైసెన్సు లేదు. రాతపూర్వక ఒప్పందం, దాన్ని రెండు నెలల్లోగా అద్దె వ్యవహారాల అధికారికి తెలియజేయడం, నివాస గృహాలకు రెండు నెలల అద్దెకు మించని అడ్వాన్సు వంటివే అందులో ఉన్నాయి. అదీ నమూనాయే, రాష్ట్రాలు చట్టంగా చేసుకుంటేనే వర్తిస్తుంది.

తనిఖీగా పొరబడినది అదే నమూనా చట్టంలోని 24 గంటల ముందస్తు నోటీసు నిబంధన. అది అధికారుల గురించి కాదు, మరమ్మతుకో పరిశీలనకో లోపలికి రాదలచిన యజమాని అద్దెదారుకు ఇవ్వవలసిన నోటీసు గురించి. పైవాటాలో యజమాని, కిందివాటాలో అద్దెదారు ఉండే విజయవాడ సత్యనారాయణపురం ఇళ్లలో ఆ నోటీసు నిజంగా ఇస్తారా అన్నది వేరే సంగతి. క్రితం రాతలో పదకొండు నెలల అద్దె ఒప్పందాల గురించిన భాగంలో మార్పు లేదు.