ముళ్లు పెడితే విలన్, నీలం పూస్తే హీరో

మా వీడియో గేమ్ కోసం ఆరు వారాలుగా గీస్తున్న రెండు సైన్యాల కవచాలను ఈ సాయంత్రం రివ్యూలో తెర మీద పక్కపక్కన పెట్టి, ఏ పలక ఎందుకలా ఉందో చెప్పడం మొదలుపెట్టాను. రెండు నిమిషాలైనా కాకముందే మా డైరెక్టరు గారు నా చేతిలోంచి పెన్ను తీసుకుని, రంగు మార్చే స్లయిడరును ఒకసారి అటూ ఒకసారి ఇటూ జరిపి, ఒక సైన్యాన్ని నీలంగానూ రెండోదాన్ని ఎర్రగానూ చేసేసి, "ఇప్పుడు తెలుస్తోంది చూడమ్మా, ఎవరు మనవాళ్లో ఎవరు విలన్లో" అన్నారు. అంతటితో ఆగినా బాగుండేది. "ఆ ఎర్రవాళ్ల భుజాల మీద నాలుగు ముళ్లు కూడా పెట్టు, పవర్‌ఫుల్‌గా ఉంటుంది" అన్నారు. గదిలో ఉన్నవాళ్లందరూ తలలూపారు. నిన్న క్యాంటీన్‌లో ఇవే బొమ్మలు చూసి నన్ను ఆకాశానికెత్తిన ముగ్గురు మహానుభావులు అందరికంటే గట్టిగా ఊపారు.

మా ఆటలో యుద్ధం జరిగేది గురుగ్రహపు ఉపగ్రహం యురోపా మీద. అక్కడ భూమధ్యరేఖ దగ్గర కూడా చలి సున్నాకు దిగువన 160 డిగ్రీల దాకా ఉంటుంది, ఆకర్షణ భూమి మీద ఉన్నదానిలో సుమారు 13 శాతం, ఇక గురుగ్రహపు అయస్కాంత క్షేత్రం వల్ల వచ్చిపడే రేడియేషన్ ఎంతంటే రక్షణ లేకుండా ఒక్క రోజు పైన నిలబడితే ప్రాణం మీదికి వస్తుంది. ఆ రేడియేషన్‌ను అడ్డుకోవడానికి హైడ్రోజన్ ఎక్కువగా ఉన్న పదార్థాలు బాగా పనికొస్తాయి, అంటే నీళ్లు, మంచు, పాలిథిన్ లాంటివి. మంచు కింద సొరంగాల్లో బతికే గని కార్మికులకు ఇనుము దొరకదు గాని మంచు మాత్రం తవ్వినకొద్దీ ఉంటుంది. కనుక వాళ్ల కవచం మంచుతోనే చేశాను. ఉత్త మంచు పెళుసు కాబట్టి అందులో పీచు కలిపాను. ఇది నా తలలో పుట్టిన వింత ఏమీ కాదు. రెండో ప్రపంచ యుద్ధకాలంలో బ్రిటిష్‌వాళ్లు మంచులో 14 శాతం రంపపు పొట్టు కలిపి గడ్డకట్టించి, ఆ ముద్దకు పైక్రీట్ అని పేరు పెట్టి, దానితో విమానాలు దిగే ఓడనే కడదామనుకున్నారు. నా కార్మికుడు మందపాటి సంచుల్లో నీళ్లూ పీచూ నింపుకుని పైకి వస్తాడు, బయటి చలికి అవే బిగుసుకుని పలకలవుతాయి. కీళ్ల దగ్గర మాత్రం సంచి ఖాళీగా మడతపడి ఉంటుంది. అందుకే అతను లావుగా, కుదిమట్టంగా, నెమ్మదిగా కదిలేవాడిగా కనిపిస్తాడు. బరువు తెలియకపోయినా ద్రవ్యరాశి ఎక్కడికీ పోదు కనుక, ఒకసారి పరుగెత్తడం మొదలుపెడితే ఆగడమే అతనికి కష్టం.

ఇంత కథా విన్న తర్వాత వచ్చిన మాట: "హీరో ఫ్రిజ్‌లా ఉన్నాడేంటమ్మా?"

అవతలి సైన్యం కక్ష్యలోని ఓడల నుంచి దిగుతుంది. కిందికి దించే ప్రతి కిలోకూ ఇంధనం లెక్క చూసుకోవలసిన సైన్యం అది. అందుకే వాళ్లకు ఒంటికి అంటిపెట్టుకునే పలుచని దుస్తుల మీద, గుండెకూ పొట్టకూ మాత్రమే బోరాన్ కార్బైడ్ పలకలు పెట్టాను. ఆ పదార్థం తూటాను ముక్కలు చేస్తుంది, చేస్తూ తానూ పగులుతుంది. కాబట్టి పగిలిన పలకను చేతి తొడుగుతోనే ఊడదీసి కొత్తది దోపుకునేలా ప్రతి పలకకూ ఒక గొళ్లెం గీశాను. ఆ గొళ్లేనికే నాకు నాలుగు రోజులు పట్టింది. ఇప్పుడు, కిలో కిలోకూ లెక్క చూసుకునే ఆ సైనికులు గ్రహాల మధ్య దూరం దాటి భుజాల మీద ముళ్లు మోసుకొస్తారట! దేనికి? ఉతికిన బట్టలు ఆరేసుకోవడానికి అయి ఉంటుంది.

సైన్యాల రూపం ఎలా పుడుతుందో తెలుసుకోవడానికి ఎంతో దూరం వెళ్లక్కర్లేదు, మొదటి ప్రపంచ యుద్ధపు టోపీలు మూడు చూస్తే చాలు. ఫ్రెంచివాళ్లు 1915లో తెచ్చిన ఏడ్రియన్ శిరస్త్రాణం అగ్నిమాపకదళం వాళ్ల టోపీని చూసి చేసినది, కనుకనే దాని నడినెత్తి మీద తురాయిలాంటి పట్టీ ఉంటుంది. అదే ఏడాది బ్రిటిష్‌వాళ్లు ఒకే ఉక్కు రేకును అచ్చులో ఒత్తి, బోర్లించిన పళ్లెం లాంటి టోపీని త్వరత్వరగా తయారుచేసుకున్నారు. జర్మన్లు 1916లో కణతలనూ మెడనూ కప్పే లోతైన టోపీని తెచ్చారు. దాన్ని రూపొందించిన ఫ్రీడ్రిష్ ష్వెర్డ్ హానోవర్‌కు చెందిన ఇంజనీరు, ఆయన చూసుకున్నది సైనికుల తలకు తగులుతున్న గాయాలను. మూడింటిని నల్లటి నీడలుగా గీసినా ఏది ఎవరిదో చిన్నపిల్లవాడు కూడా చెప్పగలడు, అయినా ఆ ముగ్గురిలో ఎవరూ విలన్‌లా కనపడాలని టోపీ పెట్టుకోలేదు. ఎరుపంటారా? 1914లో ఫ్రెంచి సైన్యం ఎర్ర ప్యాంట్లతోనే యుద్ధానికి వెళ్లింది, మరుసటి ఏడాదికే బుద్ధి తెచ్చుకుని లేత నీలానికి మారింది. మా డైరెక్టరు గారి లెక్కలో వాళ్లు ఏడాది తిరక్కుండానే విలన్ల నుంచి హీరోలుగా ప్రమోషన్ పొందారన్నమాట.

గుర్తుపట్టడమే సమస్య అయితే దానికి మనవాళ్లు ఎప్పుడో దారి చూపించారు. తిక్కన గారి విరాటపర్వంలో అర్జునుడు ఉత్తరుడికి కౌరవవీరులను చూపించేది జెండాలను బట్టే గదా! ద్రోణుడిది బంగారు వేదిక, అశ్వత్థామది సింహపు తోక, కృపుడిది ఎద్దు, కర్ణుడిది శంఖం, దుర్యోధనుడిది పాము, భీష్ముడిది తాటిచెట్టు. ఈ పద్యం బడిలో బట్టీపట్టని వాళ్లు మా గదిలో ఒక్కరూ ఉండరు. దుర్యోధనుడి భుజానికి ముళ్లున్నాయని మాత్రం అర్జునుడు ఎక్కడా చెప్పలేదు.

అసలు ముల్లు కవచానికి శత్రువు. జారిపోవలసిన దెబ్బను అది పట్టి ఆపుతుంది, లేదా మెడవైపు మళ్లిస్తుంది. జర్మన్ల పాంథర్ ట్యాంకుకు మొదట్లో ఫిరంగి చుట్టూ ఉన్న గుండ్రటి కవచం కింది సగానికి తగిలిన గుండు కిందికి జారి, డ్రైవరు నెత్తిమీది పలుచని రేకును చీల్చుకుని దిగేది. 1944లో గడ్డంలా ముందుకు పొడుచుకొచ్చిన అంచు పెట్టి గాని దాన్ని సరిచేయలేకపోయారు.

పాంథర్ సంగతి నాకింత బాగా గుర్తుండటానికి వేరే కారణం ఉంది. రెండేళ్ల క్రితం ఇంకొక ప్రాజెక్టులో నేను గీసిన సైనికురాలికి, రొమ్ములు విడివిడిగా కనపడేలా ఛాతీ పలకను మార్చమన్నారు. అలా చేస్తే మధ్యలో పడే లోయ ప్రతి దెబ్బనూ నేరుగా రొమ్ము ఎముక మీదికి మళ్లిస్తుందని ఇదే ట్యాంకు బొమ్మ చూపించి అరగంట వాదించాను. అంతా విని "ఫ్యాన్స్‌కు ఇవన్నీ అక్కర్లేదమ్మా" అన్నారు. మడమలు కూడా ఎత్తు చేయించారు. ఆవిడ పక్కన నిలబడిన మగ సైనికుడికి మాత్రం నేను గీసిన పలక గీసినట్టే ఉంచారు, అతని ఎముకలు కథకు అవసరం కాబోలు. ఈరోజు రివ్యూ చివర్లో, అందరూ కుర్చీలు జరుపుకుని లేస్తుండగా, వెనక నుంచి వినపడింది: "ఎర్రవాళ్ల కమాండరు లేడీ కదా, నడుము కొంచెం చూసుకో."

ఆ కమాండరు నడుము దగ్గర ఆక్సిజన్ సీసాలు రెండు ఉన్నాయి. వాటిని తీసేసి ఆవిడను ఊపిరి బిగబట్టుకోమంటే నడుము సన్నబడుతుంది.

ఇప్పుడు రాత్రి పదకొండున్నర. మంచు సంచుల లేయరును చెరపలేదు, పక్కనున్న కంటి గుర్తు నొక్కి దాచాను. ముళ్లు భుజానికి నాలుగా, రెండు భుజాలకూ కలిపి నాలుగా అని గంట క్రితం మెసేజ్ పెడితే, జవాబుగా బొటనవేలి బొమ్మ ఒకటి వచ్చింది.